గాలికి కరకట్ట

మొన్న తుపాను వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, భవానీపురంలో మా అపార్టుమెంటు గేటు పక్కనున్న వేపచెట్టు ఆకు ఒకటి కోసి నాలుకతో నాకాను. అనుకుని చేసిన పని కాదు. క్లినిక్‌కి బయల్దేరుతూ ఒక చేతిలో కారు తాళాలు పట్టుకుని, రెండో చేత్తో ఆకు కోసి నాకేశాను. వాచ్‌మన్ భార్య ఊడుస్తున్న చీపురు ఆపి నావంక చూసింది.

“వేపాకు షుగరుకి మంచిదంట గదండీ,” అంది, నన్ను ఆదుకుందామని.

“అవునమ్మా,” అన్నాను. పళ్ళ డాక్టరు రోడ్డు పక్కన దుమ్ము పట్టిన ఆకు నాకుతుంటే చూసేవాళ్ళకి ఏదో ఒక కారణం కావాలి కదా. అసలు కారణం చెబితే ఆవిడ నన్ను పట్టుకెళ్ళి ఏ దర్గాలోనో తాయెత్తు కట్టించేది. సముద్రం మీంచి వచ్చిన గాలి ఉప్పుని ఎంతదూరం మోసుకొచ్చిందో తెలుసుకోవడానికి ఆకు నాకి చూడాలి. ఇది మా మామయ్య నేర్పిన విద్య. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. మనిషి పోయినా విద్య నాలుక మీద ఉండిపోయింది.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. బెంజ్ సర్కిల్ దగ్గర టైల్స్ షాపు నడిపి, అరవై దాటాక దాన్ని వదిలించుకుని, కోడూరు అవతల సముద్రానికి దగ్గర్లో ఇసుక నేల కొని, అందులో మామిడి తోట వేసిన మనిషి. ఆ వైపు జనం సరుగుడు వేస్తారు, జీడిమామిడి వేస్తారు, కొబ్బరి వేస్తారు. ఈయన మామిడే వేస్తానన్నాడు. ఎందుకని అడిగితే, “సముద్రం వినాలంటే మామిడాకుల్లోంచే వినాలే అమ్మాయ్,” అన్నాడు. టైల్స్ అమ్మినన్నాళ్ళూ ఆయన ఇలాంటి మాట ఒక్కటి అన్న గుర్తు నాకు లేదు.

తోట పెట్టిన తర్వాత ఆయన నాకని వస్తువు లేదు. ఆకులు, కారు అద్దం, గేటు గొళ్ళెం, తన కళ్ళజోడు, ఒకసారి కట్టుకొయ్యకి కట్టేసిన గేదె కొమ్ము. నాకి, కళ్ళు మూసుకుని, కాసేపాగి తీర్పు చెప్పేవాడు. “మజ్జిగ” అంటే ఫరవాలేదు, చెట్టుకి ఏమీ కాదు. “పప్పుచారు” అంటే ఆకుల అంచులు మాడతాయి. “ఎండుచేప” అంటే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే. టీవీలో వాతావరణం వాళ్ళు ఎల్లో అలర్టు, ఆరెంజ్ అలర్టు అంటుంటే ఆయనకి చిరాకు వచ్చేది. రంగు చెబితే రైతుకి ఏం తెలుస్తుంది, రుచి చెప్పాలి గానీ అనేవాడు.

“అడ్డమైనవీ నాకితే నోరు పాడవుతుంది మామయ్యా,” అని నేను డాక్టరు గొంతుతో చెప్పేదాన్ని.

“నోరు పాడైతే నువ్వున్నావు. చెట్టు పాడైతే ఎవురున్నారే?”

నిజంగానే పాడైతే నేనే బాగుచేసేదాన్ని. ఫీజు కూడా ఇచ్చేవాడు కాదు.

ఆదివారం వస్తే నేను ఆయన డ్రైవర్ని. నాకు కొత్తగా లైసెన్సు వచ్చిన రోజుల్లో, “చెయ్యి తిరగాలంటే దూరం నడపాల,” అని మొదలుపెట్టి, చెయ్యి ఎప్పుడో తిరిగిపోయినా నన్ను వదిలిపెట్టలేదు. కరకట్ట రోడ్డు మీదుగానే పోవాలి. వేరే మంచి రోడ్డు ఉన్నా ఒప్పుకునేవాడు కాదు. ఆయన పుట్టిన ఊరు ఆ కట్ట కిందే. కృష్ణకి వరదొచ్చినప్పుడల్లా ఊరు ఊరంతా కట్ట మీదికి ఎక్కి నిలబడడం, ఒకవైపు నది కట్ట అంచుల దాకా ఊగుతుంటే రెండోవైపు తమ ఇంటి పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండడం, ఇదంతా చిన్నప్పుడు చూసిన మనిషి. కారు కట్ట ఎక్కగానే స్టీరింగు మీద నా చెయ్యి తట్టి, “ఇదే అమ్మాయ్ మన దేవుడు,” అనేవాడు. “కట్ట గట్టిగా ఉంటే ఏదొచ్చినా మనల్నేం చెయ్యదు.”

ఆ మాటే ఆయన కొంప ముంచింది. ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు మా అత్తయ్య గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ నేల ఆవిడది.

పెళ్ళిరోజుకి ఆశ్చర్యపరచాలని మామయ్య ఆవిణ్ణి పట్టుచీర కట్టుకోమని చెప్పి, రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళి, వేలిముద్రలు వేయించి, ఫొటో తీయించాడు. ఆవిడ బెంజ్ సర్కిల్ దగ్గర లిఫ్టు ఉన్న ఫ్లాటు అనుకుంది. చాలా ఏళ్ళుగా ఆవిడ అడుగుతున్నది అదే. హోటల్లో భోజనం మధ్యలో, పెరుగు వడ్డించే ముందు, అది ఇసుక అని తెలిసింది. పెరుగు తినకుండా లేచి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరు కనిపించినా, “మీ అన్నయ్యగారు నా పేరు మీద ఇసక కొన్నారు,” అని చెప్పేది, ఏడవకుండా, చాలా మర్యాదగా.

మామయ్య మాత్రం ఆరోజు నుంచి ఆవిణ్ణి ‘ఓనరు గారు’ అనడం మొదలుపెట్టాడు. “ఓనరు గారు, బోరు వేయించమంటారా?” “ఓనరు గారు, బంగినపల్లి పెట్టమంటారా, కలెక్టరు పెట్టమంటారా?” ఆవిడ వంకాయలు తరుగుతూ తలెత్తేది కాదు. “ఒక్కసారి వచ్చి చూడు,” అని ప్రతి ఆదివారం పొద్దున చెప్పులేసుకుంటూ అడిగేవాడు. చివరికి ఒకరోజు విసిగిపోయి అందావిడ: “ఆ ఇసకలో ఒక్క కాయ కాయనివ్వండి. కాసిన్నాడు వస్తా. అందాకా నన్ను పిలవమాకండి.”

మేం నవ్వాం. మామయ్య నవ్వలేదు. ఆయనకి అది మాట కాదు, గడువు. తోటకి పేరు పెట్టమంటే ఓనరు గారు రాకుండా పెట్టనన్నాడు. గేటు మీద బోర్డు బిగించి, దాన్ని ఖాళీగా ఉంచాడు. దారినపోయే వాళ్ళు అది అమ్మకానికి ఉందనుకుని బేరానికి వచ్చేవాళ్ళు.

ఇక గోడ సంగతి. ఆ నేలకి సముద్రం వైపు పాతకాలం నుంచి మొగలి పొదలూ, వాటి వెనక ఒంగిపోయిన సరుగుడు చెట్లూ, ఇసుక మీద పాకే ఊదాపూల తీగా ఉండేవి. చూడ్డానికి ఏమీ బాగుండేవి కాదు. సరుగుళ్ళకి సముద్రం వైపు కొమ్మే లేదు, జుట్టంతా ఒకవైపుకే దువ్వినట్టు ఊరివైపు తిరిగి ఉండేవి. మామయ్య వాటిని చూసి, “ఈ అవిటి చెట్లేం ఆపుతాయే? సందుసందుల్లోంచి గాలి దూరి వచ్చేస్తంది,” అన్నాడు. మనుషుల్ని పెట్టి అన్నీ కొట్టించేశాడు. ఆ చోట గోడ కట్టించాడు. మామూలు గోడ కాదు, కరకట్ట తమ్ముడు. మనిషెత్తు మీద ఇంకో మనిషెత్తు, రెండువైపులా సిమెంటు పూత. చీమ దూరే సందు లేదు.

నీళ్ళని ఆపి బతికిన ఊళ్ళ వాళ్ళం కదా, వచ్చేదాన్నల్లా అడ్డంగా కట్ట వేసి ఆపడం తప్ప మాకు ఇంకోటి తెలియదు. మా వాళ్ళలో ఒక్కరికి కూడా అది తప్పని తోచలేదు. నేనూ గోడ తట్టి చూసి, “భలే ఉంది మామయ్యా,” అన్నాను.

గోడ దక్షిణం చివర మాత్రం చిన్న గొడవ జరిగింది. సిమెంటు బస్తాలు కొన్ని వానకి తడిసి గడ్డకట్టాయి. మేస్త్రి పెళ్ళికి వెళ్ళాలన్న తొందరలో, ఉన్న కాస్త సిమెంటుతోనే ఇటుకలు ఎడంగా పేర్చి పని అయిందనిపించాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య పిడికిలి దూరేంత సందు. పూత లేదు. మామయ్య అది చూసి గోదారి గట్టు దాకా వినిపించేలా కేకలేశాడు. “ఇది గోడా, జంతికల గొట్టమా?” అన్నాడు. మేస్త్రి పెళ్ళి నుంచి మళ్ళీ రాలేదు.

మామిడి అంట్లు గోడ చాటున చక్కగా ఎదిగాయి. నడుము దాటి, భుజం దాటి పెరిగాయి. అప్పుడు తుపాను వచ్చింది. మాకు విజయవాడలో కాస్త వాన, కాస్త కరెంటు కోత. అటు మాత్రం వాన తక్కువ, గాలి ఎక్కువ. చెట్లకి అదే చెడ్డది, ఎందుకంటే గాలి తెచ్చి అంటించిన ఉప్పుని కడగడానికి వాన ఉండదు. రోడ్లు తెరిచిన వెంటనే బయల్దేరాం. దారి పొడుగునా మామయ్య గోడ గురించే మాట్లాడాడు.

గోడ చెక్కుచెదరలేదు. పూత మీద గీత లేదు. గోడ వెనక చెట్లు మాత్రం ఎవరో మంట పెట్టినట్టు ఉన్నాయి. ఆకులు నల్లగా ముడుచుకుపోయాయి, కొమ్మలు మెలితిరిగి విరిగాయి. మామయ్య ఒక ఆకు నాకాడు. ఇంకోటి నాకాడు. “ఎండుచేప,” అన్నాడు చాలా నెమ్మదిగా.

అలా నాకుతూ నాకుతూ దక్షిణం చివరికి వెళ్ళి ఆగిపోయాడు. అక్కడ చెట్లు పచ్చగా ఉన్నాయి. కొన్ని ఆకులు చిరిగాయి, అంతే. “పప్పుచారు,” అన్నాడు. ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళి, “మజ్జిగే,” అన్నాడు. తలెత్తి చూశాడు. ఎదురుగా మేస్త్రి కట్టిన జంతికల గొట్టం గోడ.

ఆయన అక్కడే ఇసుకలో చతికిలబడి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, జేబురుమాలు తీసి ఆ సందుల ముందు పట్టుకున్నాడు. అది మెల్లగా ఊగింది. మళ్ళీ గట్టి గోడ వెనక్కి వెళ్ళి పట్టుకున్నాడు. అది ఎగిరి, తిరిగి, కిందికి కొట్టుకుని, ఆయన మొహాన్నే చుట్టుకుంది. గాలి గోడని గుద్దుకుని ఆగలేదు, పైకెక్కి దూకి, దూకిన చోట చెట్లని తొక్కేసింది.

“గాలి నీళ్ళు కాదే,” అన్నాడు రుమాలు మొహం మీంచి తీసుకుంటూ. “దాన్ని ఆపితే కోపం వస్తంది. సగం పోనివ్వాల.”

కొట్టించేసిన ఒంటిజుట్టు సరుగుళ్ళు చేసిన పని అదే. గాలిని తమలోంచి పోనిస్తూ, ఉప్పుని తమ ఆకులకి అంటించుకుంటూ, మాడుతూ, మళ్ళీ చిగురిస్తూ ఉండేవి. ఆయన వాటిని అవిటివన్నాడు. ఆరోజు తిరుగు దారిలో ఆ మాట తలుచుకుని తనని తానే చాలా బూతులు తిట్టుకున్నాడు, నేను పక్కనున్నానన్న సంగతి మర్చిపోయి.

తర్వాతి ఆదివారం స్వీట్ల డబ్బా పట్టుకుని అవనిగడ్డలో మేస్త్రి ఇంటికి వెళ్ళాం. మేస్త్రి మమ్మల్ని చూసి లోపలికి పోబోయాడు. మామయ్య గుమ్మంలోనే పట్టుకున్నాడు.

“నువ్వు కట్టిన ముక్క అద్భుతంగా ఉందయ్యా. గోడ మొత్తం పడగొట్టి అచ్చం అట్టాగే కట్టాల.”

“ఎగతాళి చేయటానికి ఇంత దూరం వచ్చారా అండీ?”

“ఎగతాళి కాదయ్యా బాబూ. సందులు, ఆ సందులు కావాల నాకు.”

“ఒకరోజు ఖర్మ కాలి అట్టా కట్టా. దాని మూలాన కోడూరులో నాకు రెండు పనులు పోయినై. మళ్ళీ కట్టానంటే ఊళ్ళో ఎవురూ పిలవరండి. నాకూ పరువుందండి.”

“ఎక్కువ కూలి ఇస్తా.”

“ఎంతిచ్చినా చెడ్డ గోడ కట్టనండి,” అన్నాడు మేస్త్రి. “కావాలంటే మంచి గోడ కడతా.”

మామయ్య బతిమాలాడు. తన కేకలకి క్షమాపణ చెప్పాడు. మేస్త్రి భార్య టీ ఇచ్చింది, స్వీట్లు తీసుకుంది, గోడ మాట మాత్రం సాగలేదు. కారెక్కాక మామయ్య, “ఎంత నిజాయితీపరుడే. ఇట్టాంటోణ్ణి పనిదొంగ అన్నాను,” అని బాధపడ్డాడు.

దాంతో సుత్తి ఆయనే పట్టాడు. ఆదివారం పూట సముద్రపు ఒడ్డున ఒక పెద్దమనిషి, లుంగీ ఎగ్గట్టి, తన సొంత గోడలోంచి ఇటుకలు పీకుతూ ఉండడం చూడ్డానికి చేపల వేటకి వెళ్ళే వాళ్ళు కూడా ఆగేవాళ్ళు. ఒకటి తీసి ఒకటి వదిలి, ఒకటి తీసి ఒకటి వదిలి. “ఏం పోగొట్టుకున్నారండీ గోడలో?” అని ఒకాయన అడిగాడు. “బుద్ధండీ,” అన్నాడు మామయ్య ఆగకుండా కొడుతూ. రెండో సుత్తి నాకిచ్చాడు. పళ్ళు పీకే చేతికి ఇటుకలు ఒక లెక్కా అన్నాడు.

గోడ ముందు మళ్ళీ మొక్కలు పెట్టాడు. సముద్రం వైపు పాకే తీగ, దాని వెనక మొగలి, దాని వెనక సరుగుడు. స్కూలు గ్రూపు ఫొటోలో పొట్టివాళ్ళని ముందు కూర్చోబెట్టి పొడుగువాళ్ళని వెనక నిలబెట్టినట్టు. గాలి వచ్చి ఆ ఏటవాలు ఎక్కి పోవాలట. సరుగుడు మొక్కలు మొదటి ఏడాదే సముద్రం వైపు మాడిపోయి, ఊరివైపు చిగుళ్ళు వేశాయి. పూర్వం ఆయనకి అవిటిగా కనిపించినవి ఇప్పుడు ముద్దొచ్చేవి. ప్రతి ఆదివారం వాటిని పలకరించేవాడు. ఒకసారి నన్ను నాగాయలంక దగ్గర పడవెక్కించి మడ అడవుల్లోకి తీసుకెళ్ళి, అక్కడి మడ ఆకు అడుగుభాగం నాకించాడు. ఆకు మీద ఉప్పు పలుకులు ఉన్నాయి. “ఉప్పునీళ్ళు తాగి, ఉప్పుని బయటికి తోసేస్తందే. దీనికి గోడక్కర్లా,” అని, చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. పడవ నడిపే మనిషి మా ఇద్దర్నీ చూసి దూరంగా జరిగి కూర్చున్నాడు.

మామిడి చెట్లు తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. చచ్చినవాటి స్థానంలో కొత్తవి పెట్టాడు. చివరికొక మాఘంలో పూత వచ్చింది. పూత నిలిచి పిందె అయింది, పిందె కాయ అయింది. మామయ్య ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. నాతో మాత్రం, కాయ ముదిరాక తొడిమా రెండాకులూ ఉంచి కోసి, పొద్దున్నే అత్తయ్య చేతిలో పెడతానని, పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడతానని చెప్పాడు. మాట్లాడకుండా ఎలా నిలబడాలో కారులో అభ్యాసం చేశాడు. కుదరలేదు.

కాయలు టెంక కట్టే వేళకి, నడి వేసవిలో, తుపాను వచ్చింది.

మేం వెళ్ళేసరికి ఆకాశం తెరిపిచ్చింది. చెట్లన్నీ ఉన్నాయి. ముందు వరుస సరుగుళ్ళు ఎర్రగా మాడిపోయి నిలబడ్డాయి, వాటి వెనక చిల్లుల గోడ, దాని వెనక మామిళ్ళు పచ్చగా. నేను సంతోషంతో ఆయన భుజం పట్టుకుని ఊపాను. ఆయన పైకి చూస్తున్నాడు. చెట్టు చెట్టుకీ తిరిగి పైకి చూశాడు. కొమ్మ మీద ఒక్క కాయ లేదు. అన్నీ కింద ఇసుకలో ఉన్నాయి.

“ఒక్కటన్నా ఉంచలేదే,” అన్నాడు. ఆకు నాకలేదు. గేటు దగ్గర పేరు లేని బోర్డు కింద కూలబడ్డాడు. ఆ వయసులో మళ్ళీ ఏడాది ఆగమని చెప్పడం నావల్ల కాలేదు. పక్కకి వెళ్ళి అత్తయ్యకి ఫోన్ చేశాను.

“చెట్లున్నయ్యా?” అంది.

“ఉన్నాయత్తయ్యా. కాయలే, అన్నీ రాలిపోయాయి.”

“కాయలా? కాసినయ్యా అసలు?”

చెప్పాను.

“చితికినయ్యా?”

“లేదు. ఇసకలో పడ్డాయి కదా, ఒక్కదానికీ దెబ్బ లేదు.”

“టెంక పట్టిందా?”

“నాకేం తెలుసత్తయ్యా?”

“పళ్ళ డాక్టరువేగా, కొరికి చూడు.”

కొరికాను. పళ్ళు జివ్వుమన్నాయి. టెంక గట్టిగా తగిలింది.

“అయితే వాటికి ఎండ తగలనివ్వమాకండి. నీడకి చేర్చి, గుడ్డతో తుడవండి. కడిగారంటే ఊరుకోను. నేను వస్తన్నా,” అంది.

మధ్యాహ్నానికి టాక్సీలో దిగింది. కత్తిపీట, మామిడికాయ కత్తి, ఉప్పు, కారం, ఆవపిండి, నువ్వులనూనె డబ్బా, రెండు జాడీలు, నాకూ మామయ్యకీ పులిహోర. మామయ్య లేచి నిలబడ్డాడు. ఆయన అభ్యాసం చేసిన మౌనం ఇప్పుడు అడక్కుండానే వచ్చింది. అత్తయ్య ఆయన్ని చూడలేదు. వంగి ఒక కాయ తీసి, చుట్టూ తిప్పి, నొక్కి చూసింది.

“మన నల్లనేలలో పడుంటే గుజ్జయిపోయేయి,” అంది. “మంచి ఇసక.”

ఆ మాట విని మామయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంకా నొప్పి గుర్తుంది నాకు.

గోడ నీడన చాప వేసుకుని కూర్చుంది. మేం తుడిచి ఇస్తుంటే ఆవిడ ఠక్ ఠక్ మని ముక్కలు కొట్టింది. మధ్యలో తలెత్తి, మాడిపోయిన సరుగుళ్ళ వంక చూసి, “అవి పోయినట్టేనా?” అని అడిగింది. “పోవు,” అన్నాడు మామయ్య. “అవి ఆకు ఇచ్చేసి వెనకున్న వాటిని కాస్తాయి. మళ్ళీ చిగురేస్తాయి.” ఆవిడ చాలాసేపు వాటినే చూసింది. తర్వాత సముద్రం వైపు చూసింది. మామిడాకుల్లోంచి అది వినిపిస్తూనే ఉంది.

“ఇన్నేళ్ళూ నన్నెందుకు తీసుకురాలేదండీ ఇక్కడికి?” అంది.

మామయ్య నోరు తెరిచాడు. ప్రతి ఆదివారం పొద్దునా చెప్పులేసుకుంటూ అడిగిన మాటలన్నీ ఆయన మొహంలో కనిపించాయి. “రమ్మన్నాగా,” అన్నాడు చివరికి.

“రమ్మంటే వస్తామా? తీసుకురావాల గానీ.”

ఆయన నావంక చూశాడు. నేను కాయలు తుడుచుకుంటున్నాను. ఆయన లేచి, సుత్తి తీసుకుని, అత్తయ్య కూర్చున్న చోటికి వెళ్ళి, ఆవిడ తల పక్కన గోడలో రెండు దెబ్బలు కొట్టి ఒక ఇటుక ఊడదీశాడు. ఆవిడ నుదుటి మీది జుట్టు కదిలింది.

“గాలి వస్తందా?” అన్నాడు.

“ఇంకోటి తియ్యండి,” అంది అత్తయ్య.